ఒంటిదంతానికి పత్రిపూజ

నేను చెప్పే కబుర్లలో సగం కోసేసి మిగతాది వినమని మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకి మా ఆవిడ గుమ్మంలోనే చెప్పేస్తుంది. నిప్పుకోడి నా చేతిగడియారం మింగేసిందనీ, ఆ తర్వాత ఏడాదిపాటు టైము తెలుసుకోవాలంటే దాని మెడకి చెవి ఆనించి వినేవాణ్ణనీ చెబితే, చికాగో పక్కన మా షామ్‌బర్గ్ మిత్రులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వడానికే చెబుతాను. కానీ వాళ్ళలో ఎవరో ఒకరు, "నిజంగా మీరు అక్కడ ఏనుగుల దగ్గర పనిచేశారా అండీ?" అని అడగ్గానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఏనుగుల దగ్గర కాదు, ఒక ఏనుగు దగ్గర. దాని కథ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే అలవాటు కొద్దీ సగం కోసేసి వింటారని భయం. ఇందులో కొయ్యడానికేమీ లేదు.

డెబ్భైల చివర్లో పశువైద్యం పట్టా పట్టుకుని ఈ దేశం వచ్చాను. ఆ పట్టా ఇక్కడ చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు పాసవ్వాలన్నారు. అందాకా సూది పట్టుకోకూడదు, పార పట్టుకోవచ్చు. పార పట్టుకునే ఉద్యోగం దక్షిణ టెక్సస్‌లో దొరికింది. అక్కడ ఒకాయన తన ఆవుల మేతభూమికి ఇనప కంచె వేయించి, ఆఫ్రికా జంతువుల్ని తెప్పించి వదిలి, సఫారీ క్యాంపు అని బోర్డు పెట్టాడు. నేను చేరేసరికే దాని మంచి రోజులు అయిపోయాయి. తాటాకు కప్పిన గుడిసెల కిటికీలకి ఏసీ పెట్టెలు వేలాడుతుండేవి, చల్లగాలి మాత్రం వచ్చేది కాదు. గేటు దగ్గర లౌడ్‌స్పీకర్లో పొద్దస్తమానం ఆఫ్రికా డప్పుల క్యాసెట్ మోగేది. ఎండకి టేపు సాగిపోయి, ఎవరో గుండెలు బాదుకుంటున్నట్టు వినిపించేది.

పొద్దున్న పేడ ఎత్తాలి. తర్వాత జీపు వెనక పొడుగాటి బండ్లు తగిలించి, చూడవచ్చినవాళ్ళని ఎక్కించుకుని క్యాంపంతా తిప్పాలి. ఆ పని నాకు ఎందుకిచ్చారంటే, నా రంగు చూసి. "నువ్వు ఈ సీనుకి సరిగ్గా సరిపోతావు డాక్," అన్నాడు యజమాని. ఖాకీ నిక్కరు, చిరుతపులి మచ్చల పట్టీ ఉన్న టోపీ ఇచ్చాడు. ఆ నిక్కరులో నన్ను చూసి మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

బండి ఎక్కినవాళ్ళు, "నువ్వు ఆఫ్రికాలో ఎక్కడివాడివి?" అనేవారు. కిలిమంజారో కొండకి అవతలి వీధి అనేవాణ్ణి. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావంటే, మొన్న గురువారం మొదలుపెట్టానని చెప్పేవాణ్ణి. ఖడ్గమృగం నా జీపు వెంట ఆరు మైళ్ళు పరిగెత్తి, ఆయాసం వచ్చి, చివరికి లిఫ్ట్ అడిగిందని చెబితే బండి బండంతా పొట్టలు పట్టుకునేది. కడుపులో ఏముందో వాళ్ళకెందుకు? పరీక్ష రెండుసార్లు పోయింది. కొండముచ్చుల్లాంటి బబూన్లు కారు వైపర్లు ఊడబెరుక్కుపోతే వెతికి తేవడం నా వృత్తి. మంచి చదువు చదివి కోతుల వెనక పడ్డానని ఇంటికి ఉత్తరం ఎలా రాయను? డాక్టరుగానే ఉన్నానని రాసేవాణ్ణి.

మా కాపురం క్యాంపు లోపల ట్రైలర్ ఇంట్లో. తెల్లవారుజామున సింహం గర్జిస్తే అటక మీది స్టీలు పళ్ళేలు గలగలమనేవి. మా ఆవిడ ఒకసారి ముచ్చటపడి గుమ్మడి వడియాలు పెట్టి మెట్ల పక్కన బల్ల మీద ఆరేసింది. నిప్పుకోళ్ళు కంచె మీంచి మెడలు చాచి ఒక్కటి మిగల్చకుండా తినేశాయి. పచ్చిమిరపకాయ కారానికి కాబోలు, సాయంత్రందాకా నోళ్ళు తెరుచుకునే తిరిగాయి. అదొక్కటే మేమిద్దరం కలిసి నవ్విన రోజు.

మా వంటింటి కిటికీకి ఎదురుగా ఇనప గొట్టాల కంచె. దాని అవతల ఆ ఏనుగు. సర్కస్‌లో ముసలిదైపోయి ఇక్కడికొచ్చింది. ఎడమ దంతం మొదలంటా విరిగిపోయింది. నేను ఒంటిదంతం అని పిలిచేవాణ్ణి. దానికి తోడుగా ఇంకొకటి ఉండేదట, అంతకుముందు చలికాలంలో దాన్ని ఎవరికో అమ్మేశారు. అప్పట్నుంచీ ఇది కంచె దగ్గర నిలబడి ఊగడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళు మార్చి మార్చి వేస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే ఊపు. చూడవచ్చినవాళ్ళు డాన్స్ చేస్తోందని చప్పట్లు కొట్టేవారు. ఒంటరితనంతో మనసు చెడిన జంతువు అలా ఊగుతుందని నేను చదువుకున్నాను. దానికి మందు ఇంకొక ఏనుగు. అది యజమాని తేలేడు. "నన్నడక్కు డాక్," అనేవాడు. "ఈ గేటుకి ఇప్పుడొచ్చే పదిమందీ దీన్ని చూడ్డానికే వస్తున్నారు. ఇది పోయిన రోజున ఆ బోర్డు పీకేస్తాను."

అలాంటప్పుడు మా అత్తగారు వచ్చారు. మా ఆవిడకి ఊళ్ళో మోటెల్ ఆఫీసులో పగటి ఉద్యోగం. నేను బండి మీద. పగలంతా అత్తగారు ట్రైలర్లో ఒక్కరే. పలకరించే మనిషి లేదు, నడిచి వెళ్ళడానికి వీధి లేదు. వచ్చిన వారంలోనే ఒక మధ్యాహ్నం నేను అన్నానికొస్తే ఆవిడ మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆవిడ ఆరేసిన నేతచీర ఒంటిదంతం వీపు మీద ఉంది. తొండంతో తీగ మీంచి లాగి కప్పుకుంది.

"తీసుకొస్తానుండండి అత్తయ్యగారూ," అన్నాను.

"వద్దు అల్లుడుగారూ, ఉండనీండి. నాకంటే దానికే బాగుంది." కాసేపు చూసి, "ఒక దంతమే ఉందేమిటండీ?" అన్నారు.

"విరిగిందండీ."

ఆవిడ రెండు చేతులూ జోడించారు. "ఏకదంతుడు!"

"అది ఆడ ఏనుగండీ."

"అయితే ఏం? స్వామి ఏ రూపంలో వస్తే మనకేం పని?"

"పైగా ఆఫ్రికాది. ఆ చెవులు చూడండి, మన ఏనుగులకి అంత ఉంటాయా?"

"మంచిదేగా. మనం చెప్పుకునేవి బాగా వినిపిస్తాయి."

చెప్పుకున్నారు. నేను పార పట్టుకుని అటూ ఇటూ పోతూ విన్నాను. "ఏం స్వామీ, ఇవాళ నీళ్ళు పోసుకోలేదా? ఒళ్ళంతా ఆ మట్టేమిటి?" అని కోప్పడేవారు. తన మోకాళ్ళ నొప్పులు, పోయిన మామగారి కోపతాపాలు, కూతురికి ఇంకా కడుపు పండలేదన్న దిగులు, అన్నీ ఆ కంచె దగ్గరే. కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒంటిదంతం ఊగడం మానేసేది. తొండం ఆవిడ ఒళ్ళో పెట్టి నిలబడేది. ఆవిడ లోపలికి వెళితే మళ్ళీ ఊగేది. పుస్తకంలో రాసిన మందు ఇంకొక ఏనుగు. అక్కడ పనిచేసింది మా అత్తగారు.

వినాయక చవితి వచ్చింది. మట్టి బొమ్మ ఎందుకు, ఎదురుగా స్వామి ఉండగా, అన్నారావిడ. యజమాని కూడా సరదాపడి సరేనన్నాడు. ముందురోజు నన్ను అడిగారు, "పత్రి ఏమైనా దొరుకుతుందా అల్లుడుగారూ?"

"గరిక బోలెడు ఉందండీ. మిగతావాటికి వీసా రాలేదు."

ఆవిడ నవ్వి ఊరుకున్నారు అనుకున్నాను.

చవితి రోజు నాకు పొద్దున్నుంచీ బండి పనే. అన్నం వేళకి ఇంటికొస్తే కంచె దగ్గర ముగ్గు, అరటిపళ్ళ తొక్కలు, కొబ్బరి చిప్పలు. ఒంటిదంతం నుదుట ఎర్రటి కుంకం. మా అత్తగారి మొహం అంతగా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. నా చేతిలో ఉండ్రాయి పెట్టారు.

"ఎంత అదృష్టమండీ! అరవై ఏళ్ళుగా మట్టి బొమ్మకి పత్రి వేస్తున్నాను, ఒక్క ఆకైనా ఆయన ముట్టుకున్నాడా? ఇవాళ ఒక్కొక్క నామం చదివి అందిస్తుంటే స్వామి స్వయంగా అందుకుని ఆరగించాడు!"

"ఏ పత్రి వేశారు అత్తయ్యగారూ?"

"అన్నీ దొరుకుతాయా ఈ దేశంలో? గరిక వేశాను. నిన్న సాయంత్రం అమ్మాయితో బట్టలు ఉతుక్కోడానికి వెళితే, ఆ మెషీన్ల కొట్టు వెనకాల వరసంతా కరవీరం. ఎంత ఏపుగా ఉందో! రెండు బట్టల సంచులు నింపుకొచ్చాం. దొరకని ఆకుల నామాలన్నిటికీ అదే వేశాను. మొదట్లో చేదని కాస్త ఊసింది. బెల్లం నీళ్ళు చల్లి, అరటిపండుకి చుట్టి పెడితే చక్కగా తినేసింది."

కరవీరం అంటే గన్నేరు.

మన పూజలో ఇరవై ఒక్క పత్రిలో గన్నేరాకు ఉంది. మన వాకిళ్ళలో గన్నేరు చెట్టు ఉంటుంది, పొద్దున్నే దేవుడికి ఆ పూలే కోస్తాం. గన్నేరు విషమని కూడా మనలో తెలియనివాళ్ళు లేరు. ఈ రెండూ తెలిసి బతికేస్తాం, ఎందుకంటే మన దేవుడు తినడు. పెట్టింది పెట్టినట్టే ఉంచి, మూడోనాడు నీళ్ళలో కలిపించుకుంటాడు.

ఉండ్రాయి మెట్ల మీద పెట్టేసి పరిగెత్తాను. యజమానికి చెప్పాను. ఊరి నుంచి డాక్టరు రావాలంటే సాయంత్రం అవుతుందన్నారు. అందాకా నేనే. సూది పట్టుకోకూడదు సరే, బొగ్గు పట్టుకోవచ్చుగా. మందుల గదిలో ఉన్న, విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి తవుడులో కలిపి ఉండలు చేసి పెట్టాను. రెండు తిని మూడోది విసిరి కొట్టింది. చెవి వెనక నరం మీద వేళ్ళు పెట్టి చూశాను. రెండు కొట్టుకుని ఆగుతోంది. మళ్ళీ తొందర తొందరగా నాలుగు. మళ్ళీ ఆగుతోంది.

"ఏమైందండీ?" మా అత్తగారు నా వెనకే.

"ఎండదెబ్బ అత్తయ్యగారూ. లోపలికెళ్ళండి."

జీవితంలో అంత చప్పగా ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

మూడు గంటల బండికి నన్ను వెళ్ళమన్నాడు యజమాని. టికెట్లు కొన్నవాళ్ళు ఎక్కి కూర్చున్నారు. జీపు ఏనుగు దగ్గరికొచ్చేసరికి అది కంచెకి ఒరిగి, తొండం నేల మీద జారవిడిచి ఉంది. ఊగడం లేదు. "ఇవాళ డాన్స్ చెయ్యదా?" అని ఎవరో అడిగారు.

"దానికి ఒంట్లో బాగాలేదు," అన్నాను మైకులో.

బండి బండంతా నవ్వింది. ఖడ్గమృగం లిఫ్ట్ అడిగిన కథ అప్పుడే చెప్పి ఉన్నాను మరి. దీనికి కూడా ఏదో తోక ఉంటుందని ఎదురుచూశారు. "నిజంగా," అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. జీపు ముందుకి పోనిచ్చాను.

పొద్దు వాలుతుండగా డాక్టరు వచ్చాడు. పొడుగు సూది ఒకటి ఇచ్చాడు. ఏం ఉపయోగం లేదని ఇచ్చేటప్పుడే మొహంలో తెలిసింది. పేడ కెలికి చూసి, అందులోంచి సన్నగా, పొడుగ్గా, కత్తిలాంటి ఆకు ఒకటి తీసి యజమానికి చూపించాడు.

యజమాని నా వైపు తిరిగాడు. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "మీ దేవుడికి మీరు విషం పెడతారా డాక్?"

"ఏమంటున్నాడు అల్లుడుగారూ?"

"ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయంటున్నాడండీ."

ఆవిడ నన్ను చూడలేదు. డాక్టరు వేళ్ళ మధ్య ఉన్న ఆకునే చూస్తున్నారు. ఆకుకి ఇంగ్లీషు అక్కర్లేదు.

"అమ్మా, కోసింది నేను," అంది మా ఆవిడ. "కారెక్కించింది నేను. నువ్వు లోపలికి రా."

"నాకు తెలుసే," అన్నారావిడ చాలా మామూలుగా. "మా వీధిలో పెళ్ళీడు పిల్ల గన్నేరు పప్పు నూరుకు తాగితే ఒళ్ళు కడిగింది నేనే. విషమని తెలుసు. పత్రి అని తెలుసు. రెండూ ఒక్క చెట్టేనన్నది నా బుర్రకి ఎందుకు తట్టలేదంటావు?"



ఆ రాత్రి సంగతి రాయను. తెల్లారేసరికి ఒంటిదంతం పక్కకి పడిపోయి ఉంది. ఏనుగు లేవలేక అలా పక్కకి పడి ఉంటే దాని బరువు దాని ఊపిరినే నొక్కేస్తుంది. ఎలాగైనా లేపి నిలబెట్టాలి. మట్టి తోడే యంత్రం తెచ్చి, పొట్ట కింద వెడల్పాటి పట్టాలు దూర్చి ఎత్తాం. మా ఊళ్ళో పడిపోయిన గేదెల్ని గోనెపట్టాలూ వాసాలూ వేసి ఎన్నోసార్లు లేపాను. అది లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకోగానే చుట్టూ ఉన్న మగాళ్ళందరూ హమ్మయ్య అనేవారు. ఇదీ లేచింది. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనాయి. మా అత్తగారు కుర్చీలోంచి లేచారు. తొండం ఆవిడ వైపు కాస్త ఎత్తింది. అంతే, మోకాళ్ళు విరిగినట్టు మొత్తం పట్టాల మీదికి జారిపోయింది. డాక్టరు చెవి వెనక చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత టోపీ తీశాడు. యజమాని వెళ్ళి గేటు దగ్గర డప్పుల క్యాసెట్ ఆపేశాడు. ఆ క్యాంపులో అన్నాళ్ళున్నా, గాలి చప్పుడు అప్పుడే మొదటిసారి విన్నాను.

యంత్రం దాన్ని నేల మీదికి దించేసి, గోతికోసం అవతల మట్టి తవ్వడం మొదలుపెట్టింది. మా అత్తగారు లోపలికెళ్ళి స్నానం చేసి, తడి చీరతో, గుప్పెట్లో అక్షింతలతో వచ్చారు.

"అమ్మా, ఇప్పుడివన్నీ ఎందుకే?" అంది మా ఆవిడ.

"ఉద్వాసన చెప్పలేదే," అన్నారావిడ. "నిన్న పిలిచాను. పంపించాలిగా."

పూజ ముగిశాక అక్షింతలు వేసి, విగ్రహాన్ని ఈశాన్యం వైపు ఒక్క పిసరు కదుపుతాం. దాంతో దేవుడు లేచి తన చోటికి వెళ్ళిపోయినట్టు. ఇంట్లో అయితే రెండు వేళ్ళతో అయిపోయే పని. ఆవిడ అక్షింతలు వేశారు. వెళ్ళిరా స్వామీ అన్నారు. రెండు అరచేతులూ ఆ నుదుటి మీద, ఆరిన కుంకం మీద ఆనించి తోశారు.

"కదలడం లేదు అల్లుడుగారూ."

నేను వెళ్ళి పక్కన చేతులు ఆనించాను. మా ఆవిడ వచ్చింది. ముగ్గురం తోశాం. ముడతలు పడిన చర్మం మా చేతుల కింద జరిగిందిగానీ ఏనుగు జరగలేదు. అది చూసి యజమాని కంచె దాటి వచ్చాడు. ఏం చేస్తున్నామో అతనికి తెలియదు, అడగనూ లేదు. నా పక్కన చోటు చూసుకుని భుజం ఆనించాడు.

"ఎటు?" అన్నాడు.

చెప్పాను.

తోశాం. కొంచెం కూడా కదల్లేదు.

"ఇంకొక్కసారి," అన్నారు మా అత్తగారు.